జొన్న సాళ్ల మధ్య కంది: నేలకు మిగిలే నత్రజని ఎంత?

భారతదేశం ఏటా రెండు పెద్ద బిల్లులు చెల్లిస్తున్నది. మొదటిది ఎరువులది. 2022-23లో కేంద్ర ప్రభుత్వం ఎరువుల సబ్సిడీకి వెచ్చించిన మొత్తం రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. అందులో సింహభాగం యూరియాకే పోయింది. రెండోది పప్పులది. 2024-25లో దేశం దిగుమతి చేసుకున్న పప్పుధాన్యాలు సుమారు 73 లక్షల టన్నులు. అంతకుముందు ఏ సంవత్సరంలోనూ ఇంత పప్పు విదేశాల నుంచి రాలేదు.

పైకి ఈ రెండు బిల్లులకూ సంబంధం లేనట్లే కనిపిస్తుంది. ఒకటి ఎరువుల శాఖ ఖాతాలోనిది, మరొకటి ఆహార, వాణిజ్య శాఖల వ్యవహారం. కాని లోతుగా చూస్తే రెండింటిలోనూ దేశం కొంటున్న సరుకు ఒక్కటే. అది నత్రజని. యూరియాలో 46 శాతం నత్రజని. పప్పుకు విలువ తెచ్చే మాంసకృత్తులకు మూలం కూడా నత్రజనే. ఈ రెండు అవసరాలలోనూ కొంత భాగాన్ని ఒకే చేలో తీర్చగల పద్ధతి ఈ దేశపు రైతుకు అనాదిగా తెలుసు. జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, గోధుమ వంటి ధాన్యపు పైర్ల నడుమ కంది, పెసర, అలసంద, శనగ వంటి అపరాలను సాళ్లుగా వేయడమే ఆ పద్ధతి.

పప్పు పంట వేస్తే భూమి బలపడుతుందన్న మాట అందరూ అనేదే. వ్యవసాయాధికారుల కరపత్రాల నుంచి కేంద్ర బడ్జెట్ ప్రసంగాల వరకు ఆ మాట వినిపిస్తూనే ఉన్నది. అయితే ఎంత బలపడుతుంది, ఎప్పుడు బలపడుతుంది, ఎప్పుడు బలపడదు అన్న లెక్క మాత్రం అరుదుగా చర్చకు వస్తున్నది. ఆ లెక్క తేలితే తప్ప అంతర పంటలను ప్రోత్సహించే విధానమేదీ నిలదొక్కుకోదు.

గాలిలో ఉన్నా అందని ఎరువు

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. ప్రతి ఎకరం చేను మీదా టన్నుల కొద్దీ నత్రజని నిలిచి ఉంటుంది. కాని రెండు నత్రజని పరమాణువుల మధ్య ఉన్న బంధం ఎంత గట్టిదంటే, మొక్కలు దానిని ఆ రూపంలో వాడుకోలేవు. నైట్రేటుగానో, అమ్మోనియాగానో మారినప్పుడే వేళ్లు దానిని అందుకుంటాయి. ఆ మార్పును ప్రయోగశాలలో సాధించిన వాడు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేబర్. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో ఆ పద్ధతిన తొలి కర్మాగారం పని ప్రారంభించింది. నేటి యూరియా కర్మాగారాలన్నీ ఆ పద్ధతికి వారసులే. విపరీతమైన ఒత్తిడి, వేడి, సహజ వాయువు వాటికి తప్పనిసరి. భారతదేశంలో తయారయ్యే యూరియాకు అవసరమైన వాయువులో పెద్ద భాగం దిగుమతి సరుకే.

అదే పనిని కంది మొక్క వేరు మామూలు ఉష్ణోగ్రతలో, నిశ్శబ్దంగా నిర్వహిస్తుంది. నిజానికి ఆ పని చేసేది మొక్క కాదు. దాని వేళ్లపై బుడిపెల్లో నివసించే రైజోబియం జాతి సూక్ష్మజీవులు చేస్తాయి. జర్మనీ శాస్త్రజ్ఞులు హెల్రీగెల్, విల్ఫార్ట్ 1886లో ఈ రహస్యాన్ని బయటపెట్టారు. 1888లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ సూక్ష్మజీవిని బుడిపెల నుంచి వేరు చేసి చూపాడు. మొక్క తన ఆకులలో తయారైన చక్కెరలను సూక్ష్మజీవులకు ఇస్తుంది, అవి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తాయి. పూత దశలో మొక్కను జాగ్రత్తగా పెకలించి ఒక బుడిపెను చీల్చి చూస్తే, లోపల ఎర్రగానో గులాబి రంగులోనో ఉంటే పని సాగుతున్నట్లు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే సాగడం లేనట్లే.

ఈ ఒప్పందంలో ఒక షరతు ఉన్నది. నత్రజనిని స్థిరీకరించడానికి మొక్క తన ఆహారంలో గణనీయమైన భాగాన్ని ఖర్చు పెట్టాలి. అందుచేత నేలలోనే నైట్రేటు సమృద్ధిగా దొరికితే అపరాల మొక్క కష్టపడదు. బుడిపెలు తక్కువగా ఏర్పడతాయి, ఏర్పడినవి మందగిస్తాయి. ఎక్కువ యూరియా వేసిన చేలో కంది వేసి నేల బలపడుతుందని ఆశించడం అందుకే వృథా.

పక్క సాలుకు పంచుతుందా?

జొన్న పక్కన కంది వేస్తే, కంది తయారు చేసిన నత్రజనిని జొన్న తాగుతుందని చాలామంది నమ్మకం. ఇందులో నిజం స్వల్పమే. నత్రజని-15 అనే ఐసోటోపును గుర్తుగా వాడి శాస్త్రజ్ఞులు అనేక దేశాలలో ఈ విషయాన్ని పరీక్షించారు. చచ్చిన వేళ్లు, రాలిన బుడిపెలు, వేళ్లు విడిచే రసాలు, వేళ్లను కలిపే శిలీంధ్రాల ద్వారా కొంత నత్రజని పక్క మొక్కకు చేరుతుంది. కాని పైరు నిలిచి ఉన్న కాలంలో అలా చేరేది సాధారణంగా కొద్ది మొత్తమే.

అయినా అంతర పంటలో ధాన్యపు పైరుకు మేలు జరుగుతున్నదంటే కారణం వేరు. జొన్న, మొక్కజొన్న, గోధుమ, బార్లీ వంటి పైర్ల వేళ్లు త్వరగా విస్తరించి నేలలోని నైట్రేటును ముందుగానే పీల్చుకుంటాయి. పక్కనున్న అపరాల మొక్కకు నేలలో దొరికేది తగ్గిపోవడంతో అది గాలి మీద ఆధారపడక తప్పదు. ఒంటరిగా వేసినప్పటి కంటే ధాన్యపు పైరు పక్కన వేసినప్పుడు అపరాలు తమ నత్రజనిలో ఎక్కువ శాతాన్ని గాలి నుంచే తీసుకుంటాయని ఐరోపాలో బఠాణీ, బార్లీలపై జరిగిన ప్రయోగాలు స్పష్టంగా నిరూపించాయి.

మరోమాటలో చెప్పాలంటే కంది తన పొరుగుకు అన్నం పెట్టదు, పొరుగువాని కంచంలో మాత్రం చేయి పెట్టదు. రెండు జొన్న సాళ్లు నేలలోని ఒకే సంచి కోసం పోటీ పడితే, జొన్న పక్కన ఉన్న కంది తన సంచి తాను తెచ్చుకుంటుంది. ఎరువు తక్కువగా దొరికే మెట్ట రైతుకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి మరో పార్శ్వం కూడా లేకపోలేదు. ఎత్తుగా పెరిగే ధాన్యపు పైరు నీడలో అపరాల మొక్క కుంగుతుంది. గాలి నుంచి తెచ్చుకున్న శాతం పెరిగినా, మొక్క చిన్నదైతే తెచ్చిన కిలోలు తగ్గుతాయి. ధాన్యపు పైరుకు యూరియా దండిగా వేస్తే ఈ నష్టం రెండింతలవుతుంది. జొన్న మరింత గుబురుగా ఎదుగుతుంది, కంది బుడిపెలు మరింత మందగిస్తాయి.

కూడికలు, తీసివేతలు

నేలలో చివరికి ఎంత మిగులుతుందన్నది రైతు చేను నుంచి ఏమి తీసుకువెళుతున్నాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఒక ఉజ్జాయింపు లెక్క దీనిని విశదం చేస్తుంది.

అపరాల మొక్క పైభాగంలో తయారయ్యే ప్రతి టన్ను పొడి పదార్థానికి దాదాపు 20 కిలోల నత్రజని గాలి నుంచి వస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. హెక్టారుకు పది క్వింటాళ్ల గింజ ఇచ్చే కంది పైరులో ఆకు, కొమ్మ, కాయ అన్నీ కలిపి నాలుగు టన్నుల పొడి పదార్థం ఉంటుందనుకుంటే గాలి నుంచి వచ్చిన నత్రజని 80 కిలోలు. ఆ పది క్వింటాళ్ల గింజతో చేను వదలివెళ్లేది సుమారు 35 కిలోలు. కంది కట్టెను వంటచెరకుగా తీసుకువెళితే మరో 15 కిలోలు పోతుంది. రాలిన ఆకు, వేళ్ల రూపంలో నేలకు దక్కే మిగులు 30 కిలోల వరకు ఉంటుంది. కంది వానాకాలం దాటి నిలబడి, పక్వానికి వచ్చేలోగా తన ఆకులో చాలా భాగాన్ని అక్కడికక్కడే రాల్చడం ఈ మిగులుకు కారణం.

ఇప్పుడు జొన్నను చూద్దాం. హెక్టారుకు 25 క్వింటాళ్ల జొన్న గింజతో 40 కిలోల నత్రజని పోతుంది. చొప్ప పశువులకు కోసుకుంటే మరో 20 కిలోలు. అంటే ఏక పంటగా వేసిన జొన్న నేల ఖాతా నుంచి తీసేది 60 కిలోలు.

రెండింటినీ కలిపి వేసినప్పుడు జొన్న ఏక పంట దిగుబడిలో పదింట తొమ్మిది వంతులు, కంది ఏక పంట దిగుబడిలో పదింట ఆరు వంతులు వస్తాయనుకుంటే, జొన్న తీసేది 54 కిలోలు, కంది మిగిల్చేది 18 కిలోలు. చేను మొత్తం మీద తరుగు 36 కిలోలు. జొన్న ఒక్కటే వేసిన చేనుతో పోలిస్తే 24 కిలోలు ఆదా అయింది. తరుగు మాత్రం తరుగుగానే ఉన్నది.

ఈ అంకెలు నేలను బట్టి, వానను బట్టి మారతాయి. కాని వాటి సారాంశం మారదు. ధాన్యంతో కలిపి వేసిన అపరాలు నేలను నింపవు, నేల ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. నిజంగా నింపాలంటే పశువుల ఎరువు, పచ్చిరొట్ట, లేదా మితంగా రసాయనిక ఎరువు తోడు కావలసిందే.

అన్ని అపరాలూ కంది వంటివి కూడా కావు. వేరుశనగ కాయను ఒలుచుకోవడమే కాక, మొక్కను వేళ్లతో సహా పెకలించి కట్టెను మేతకు తరలించే రాయలసీమ పద్ధతిలో నేలకు దక్కేది బహు స్వల్పం. కాయలు కోసిన తరువాత పెసర మొక్కను నేలలో కలియదున్నితే మాత్రం మిగులు నిండుగా దక్కుతుంది. పంట పేరును బట్టి కాదు, కోత తరువాత చేలో ఏమి మిగిలిందన్న దానిని బట్టే నేల ఫలితం పొందుతుంది.

పటాన్‌చెరు అనుభవం

జొన్న, కంది జోడీని ప్రపంచంలో అందరికంటె నిశితంగా పరిశీలించిన సంస్థ తెలుగునేల మీదే ఉన్నది. 1972లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, డెక్కన్ రైతులు తరతరాలుగా వేస్తున్న ఈ జోడీనే తన తొలి పరిశోధనాంశాలలో ఒకటిగా స్వీకరించింది.

రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది వేసిన చేలలో జొన్న దాదాపు ఏక పంటతో సమానంగా పండింది, కంది సగానికి మించి దిగుబడి ఇచ్చింది. రెండింటినీ విడివిడిగా పండించి అంత దిగుబడి తీయాలంటే ఒక హెక్టారుకు బదులు సుమారు ఒకటిన్నర హెక్టార్ల భూమి కావలసి వచ్చేది. రహస్యం కాలంలో ఉన్నది. జొన్న సుమారు వంద రోజులలో కోతకు వస్తుంది. అంతవరకు కంది నెమ్మదిగా పెరుగుతూ, వేళ్లను లోతుకు దింపుకుంటుంది. జొన్న కోసిన తరువాత వెలుతురు, లోతు పొరల్లోని తేమ పూర్తిగా దానివే. జొన్న మధ్యలో వేసిన కందిలో ఎండు తెగులు తగ్గుతుందని కూడా ఇక్కడి పరీక్షలలో తేలింది.

అయితే అదే సంస్థ ప్రయోగాలు మరో సత్యాన్ని కూడా చెప్పాయి. ఏక పంటగా వేసిన కంది తరువాత మొక్కజొన్న వేస్తే, హెక్టారుకు 40 కిలోల నత్రజని ఎరువు వేసినంత మేలు కనిపించింది. జొన్నతో కలిపి వేసిన కంది తరువాత ఆ మేలు బాగా తగ్గిపోయింది. పైన చెప్పిన కూడికలు, తీసివేతలు పొలంలో రుజువైనట్లే.

కంది నేలకు చేసే సేవ నత్రజనితో ముగియడం లేదు. ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రజ్ఞుల బృందం 1990లో ఒక ఆసక్తికరమైన విషయం వెల్లడించింది. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని విడుదల చేసి, ఎర్ర నేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని విడిపిస్తాయి. ఇతర పైర్లకు అంత తేలిగ్గా అందని భాస్వరం అది.

దీర్ఘకాలిక ఫలితాలకు పటాన్‌చెరులోనే నల్లరేగడి పరీవాహక క్షేత్రం సాక్ష్యం. 1976లో మొదలైన ఆ ప్రయోగంలో ఒకవైపు వానాకాలం బీడు ఉంచి, యాసంగిలో ఒకే పంట వేసే పాత పద్ధతిని కొనసాగించారు. మరోవైపు వెడల్పాటి బోదెలు, కాలువలు తీసి, మేలైన వంగడాలు, తగిన ఎరువులతో జొన్న, కంది వంటి జోడీలను సాగు చేశారు. రెండు దశాబ్దాలకు పైగా సగటు చూస్తే మొదటి పద్ధతిలో హెక్టారుకు ఏటా దాదాపు ఒక టన్ను ధాన్యం, రెండో పద్ధతిలో ఐదు టన్నులు లభించాయి. నేలలో సేంద్రియ కర్బనం, మొత్తం నత్రజని కూడా రెండో పద్ధతిలోనే ఎక్కువగా నమోదయ్యాయి. ఈ ఘనతంతా కందిది కాదు. నీటి సంరక్షణకు, ఎరువుకు, వంగడానికి అందులో వాటా ఉన్నది. కాని అధిక దిగుబడి తీస్తూనే నేలను కాపాడుకోవచ్చునని ఆ ప్రయోగం చూపింది.

ఇతర దేశాల అనుభవం కూడా ఇదే. చైనాలోని గాన్సు రాష్ట్రంలో ఏడేళ్లపాటు గోధుమ, మొక్కజొన్న, బాకలా చిక్కుళ్లను పట్టీలుగా కలిపి వేసిన చేలలో, పై 20 సెంటీమీటర్ల నేలలో నత్రజని ఏక పంట చేల కంటె 11 శాతం, కర్బనం 4 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2015లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. నేల బాగుపడటానికి ఏడేళ్లు పట్టింది. ఒక్క సీజనులో అద్భుతాలు ఆశించరాదని దీని తాత్పర్యం.

గోధుమ చేను నుంచి తప్పుకున్న శనగ

ఇంత ప్రయోజనం ఉన్న పద్ధతి ఎందుకు వెనుకబడింది? 1905లో బీహారులోని పూసాలో ఉద్యోగంలో చేరిన బ్రిటిష్ వృక్ష శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్, గంగా మైదానంలో ధాన్యంతో పప్పు కలిపి వేయడమే సాధారణ ఆచారమని గుర్తించి, 1940లో వెలువడిన తన గ్రంథంలో దానిని ప్రశంసించాడు. పంజాబులో గోధుమ, శనగ కలిపి చల్లడం అప్పట్లో మామూలు విషయం. 1960-61లో పంజాబులో సుమారు తొమ్మిది లక్షల హెక్టార్లలో పప్పుధాన్యాలు పండేవి. నేడు ఆ విస్తీర్ణం నామమాత్రం.

హరిత విప్లవం తెచ్చిన పొట్టి గోధుమకు, వరికి కాలువ నీరు, యూరియా, ప్రభుత్వ కొనుగోలు మూడూ హామీగా లభించాయి. శనగకు వాటిలో ఏ ఒక్కటీ దక్కలేదు. ధాన్యం పండించిన రైతుది తప్పు కాదు, ఆ ధాన్యమే దేశాన్ని ఆకలి నుంచి గట్టెక్కించింది. కాని ధాన్యం పక్కన పప్పుకు చోటు లేని వ్యవసాయం దానితోపాటే స్థిరపడిపోయింది.

1992 ఆగస్టులో జరిగిన నిర్ణయం సమతుల్యాన్ని మరింత దెబ్బతీసింది. సంస్కరణలలో భాగంగా కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తివేసి, యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచింది. నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం నిష్పత్తి 4:2:1గా ఉండాలన్నది సాధారణంగా ఉదహరించే ప్రమాణం. 1991-92లో 5.9:2.4:1గా ఉన్న ఆ నిష్పత్తి, మరుసటి ఏడాదే 9.5:3.2:1కు చేరింది. 2010లో ప్రవేశపెట్టిన పోషకాధారిత సబ్సిడీ విధానం నుంచి కూడా యూరియాను మినహాయించారు. 2015లో వేపపూత తప్పనిసరి చేశారు, 2018లో బస్తా బరువును 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. ధర మాత్రం కదలలేదు. వేపపూత ఖర్చు, పన్నులు మినహా 45 కిలోల బస్తా గరిష్ఠ ధర 242 రూపాయలు.

ఇక్కడే అసలు చిక్కు. ఆ ధరకు ఒక కిలో నత్రజని రైతుకు సుమారు 12 రూపాయలకు పడుతుంది. పైన వేసిన లెక్కలో జొన్న, కంది జోడీ ఆదా చేసిన 24 కిలోల నత్రజని విలువ రైతు దృష్టిలో మూడు వందల రూపాయలకు లోపే. దేశ ఖజానాకు దాని విలువ అంతకు ఎన్నో రెట్లు. చేలో వేసిన యూరియాలో సగానికి పైగా పైరుకు అందకుండా పోతున్నది. కొంత నైట్రేటుగా భూగర్భ జలాల్లోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా గాలిలో కలిసి, బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 270 రెట్లు అధికంగా భూతాపానికి కారణమవుతుంది. ఇవేవీ బస్తా ధరలో కనిపించవు. కనిపించని నష్టాన్ని తప్పించమని రైతుకు హితవు చెప్పి ప్రయోజనం లేదు.

రైతును కందివైపు తిప్పేది నేల ఆదా కాదు, గింజ ధర. అదే చేలో జొన్నకు అదనంగా వచ్చిన ఆరు క్వింటాళ్ల కందికి, 2025-26 ఖరీఫ్‌కు ప్రకటించిన 8,000 రూపాయల మద్దతు ధర నిజంగా లభిస్తే 48,000 రూపాయలు చేతికి వస్తాయి. కాని ఆ "నిజంగా" అన్న మాట వద్దనే కథ తరచు అడ్డం తిరుగుతున్నది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. మరుసటి ఏడాది రైతులు పెద్దయెత్తున కంది వేశారు. పంట చేతికి వచ్చేసరికి ధర మద్దతు స్థాయి కంటె దిగువకు పడిపోయింది. వినియోగదారుని కాపాడటానికి సుంకం లేని దిగుమతులకు తలుపులు తెరవడం, రైతు నష్టపోయాక వాటిని మూయడం పప్పుల విషయంలో ఆనవాయితీగా మారింది.

ధర ఒక్కటే అడ్డంకి కాదు. కలిసి ఉన్న రెండు పైర్లను ఒకే యంత్రంతో కోయడం కుదరదు. మొక్కజొన్నలో కలుపు నివారణకు చల్లే అట్రాజిన్ మందు అపరాల మొక్కలను సైతం మాడ్చివేస్తుంది. కూలీల కొరత ఉన్నచోట ఏక పంటే సుఖమని రైతు భావించడంలో ఆశ్చర్యం లేదు.

కొండల నుంచి డెల్టాల దాకా

అయినా ఈ పద్ధతి ఉపఖండంలో పూర్తిగా కనుమరుగు కాలేదు. ఉత్తరాఖండ్ గఢ్వాల్ కొండలలో రాగి, తోటకూర గింజలతో రాజ్మా, మినుము, ఉలవ, అలసంద వంటి పన్నెండు పంటలను ఒకే చేలో కలిపి వేసే "బారానాజా" సేద్యం ఉన్నది. 1980 దశకంలో దాని స్థానంలో సోయాబీన్ ఏక పంటను ప్రోత్సహించినప్పుడు, తెహ్రీ ప్రాంతంలో విజయ్ జర్ధారీ తదితరులు "బీజ్ బచావో ఆందోళన్" పేరిట ఎదురు నిలిచి పాత విత్తనాలను కాపాడారు. నేపాల్ కొండవాలు మళ్లలో మొక్కజొన్న నడుమ సోయాచిక్కుడు వేయడం నేటికీ కనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లో వరి ఇంకా కోయకముందే తడి నేలపై లంకపప్పు చల్లుతారు. కృష్ణా, గుంటూరు డెల్టా రైతులు వరి కోతకు కొద్ది రోజుల ముందు మినుము, పెసర చల్లే పద్ధతి దీనికి తోబుట్టువే. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో చిన్న రైతు మహిళలు జొన్న, సజ్జ, కంది, అలసంద, అనుము వంటి అనేక పంటలను ఒకే చేలో వేస్తున్నారు. వారిని సంఘటితం చేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ ఉదాహరణలు చూసి రసాయనిక ఎరువును ఒక్కసారిగా వదిలేయవచ్చునని భావించడం ప్రమాదకరం. ఆ పొరపాటు పొరుగునే జరిగింది. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయనిక ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించింది. ప్రత్యామ్నాయం సిద్ధంగా లేకపోవడంతో వరి దిగుబడి బాగా పడిపోయింది. ఆ ఏడాది నవంబరులో నిషేధాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. నేలలో లేని నత్రజనిని ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చిపెట్టలేదు. బుడిపెలు తేగలవు, కాని వాటికి విత్తనం కావాలి, కాలం కావాలి.

చేయవలసినదేమిటి?

పప్పుధాన్యాలలో స్వయంసమృద్ధి సాధనకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరులో 11,440 కోట్ల రూపాయలతో ఒక జాతీయ పథకాన్ని ఆమోదించింది. 2030-31 నాటికి ఉత్పత్తిని 350 లక్షల టన్నులకు చేర్చాలన్నది లక్ష్యం. కంది, మినుము, మసూరులకు అందులో ప్రాధాన్యం. ఇందుకు అవసరమైన భూమి కొత్తగా పుట్టదు. వరి, గోధుమ నుంచి భూమిని మళ్లించడం ఒక దారి అయితే, జొన్న, మొక్కజొన్న, పత్తి చేలలో సాళ్ల మధ్య చోటు వెదకడం మరో దారి. రెండో దారిలో ధాన్యం పెద్దగా తగ్గదు, పప్పు అదనంగా వస్తుంది.

ఆ దారి సుగమం కావాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది, ప్రకటించిన మద్దతు ధరకు కంది కొనుగోలు గ్రామ స్థాయిలో నమ్మకంగా సాగాలి. పంట చేతికి వచ్చే నెలల్లో దిగుమతులు మార్కెట్‌ను ముంచెత్తకుండా చూడాలి. రెండోది, అంతర పంట వేసిన చేనుకు ఏక పంటకు చెప్పిన యూరియా మోతాదునే చెప్పే అలవాటు మానుకోవాలి. జొన్న సాలుకు వేయవలసింది జొన్న సాలు దగ్గరే వేసి, కంది సాలుకు రైజోబియం పట్టించిన విత్తనం అందిస్తే ఎరువు ఖర్చు తగ్గుతుంది, బుడిపె పని చేస్తుంది. మూడోది, రెండు పైర్లకూ పనికివచ్చే విత్తే పరికరాలు, కలుపు నివారణ పద్ధతులు పరిశోధనా కేంద్రాల నుంచి పొలాలకు చేరాలి.

కంది ఆకు రాలిన చేను మరుసటి వానాకాలానికి కొంత మెత్తబడి ఉంటుందని మెట్ట రైతుకు శాస్త్రజ్ఞులు చెప్పనక్కరలేదు. ఆ మెత్తదనంలో ఎంత నత్రజని ఉన్నదో శాస్త్రం ఇప్పుడు లెక్క చెప్పగలిగింది. అది ప్రచారంలో చెప్పినంత ఎక్కువ కాదు, బస్తా యూరియా ధర సూచించినంత తక్కువా కాదు. ఆ విలువకు సరిపడే ధర కంది గింజకు దక్కిన నాడు జొన్న సాళ్ల నడుమ కంది సాలు తిరిగి వస్తుంది. దక్కకపోతే దేశం ఎరువుల బిల్లు ఒక చేత్తో, పప్పుల బిల్లు మరో చేత్తో చెల్లిస్తూనే ఉండవలసి వస్తుంది.